సివిక్‌కి మూడు విడతల ఏటీఎఫ్

మార్చి 2, 2024, శనివారం. ఓడోమీటరు 1,38,212 మైళ్లు.

"రాసుకుంటున్నావా? జాబ్ కార్డు లేకుండా బండి పిట్ మీదకి ఎక్కేది కాదు మా దగ్గర" అన్నాడు నాన్న. తెనాలి ఆర్టీసీ డిపో గ్యారేజీలో 29 ఏళ్లు పనిచేసి రిటైరైన మనిషి. జనవరిలో మా దగ్గరికి, టెక్సస్‌లోని ప్లేనోకి వచ్చాడు. ఆయన మాట మీద ఈ డైరీ మొదలుపెడుతున్నాను.

బండి 2009 హోండా సివిక్. 1.8 లీటర్ల ఇంజను, అయిదు గేర్ల ఆటోమేటిక్. 2016లో 74,000 మైళ్ల మీద ఉన్నప్పుడు, ఇండియా తిరిగి వెళ్లిపోతున్న ఒకాయన దగ్గర కొన్నాను. అప్పట్నుంచి ఇంజనాయిల్, బ్రేకులు, ప్లగ్గులు, ఫిల్టర్లు అన్నీ ఇంట్లోనే చేసుకుంటూ వచ్చాను. గేర్‌బాక్సు జోలికి మాత్రం ఎప్పుడూ పోలేదు. డ్యాష్‌బోర్డు మీద ఎప్పుడో మెయింటెనెన్స్ కోడ్ 3 వచ్చింది. ఈ బండిలో 3 అంటే ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్, అంటే గేర్‌బాక్సులోని ఆయిల్ (ఏటీఎఫ్) మార్చమని. ఇంజనాయిల్‌తో పాటు దాన్నీ రీసెట్ చేసేశాను. అది నా తప్పే. అంటే నా చేతుల్లో 64,000 మైళ్లు అదే ఆయిల్‌తో తిరిగింది. అంతకుముందు ఎవరైనా మార్చారో లేదో చెప్పే కాగితం ఒక్కటీ లేదు.

ఇప్పుడు రెండు ఇబ్బందులున్నాయి. నలభై, నలభై అయిదు మైళ్ల వేగంలో యాక్సిలరేటర్ మీద కాలు ఆనీ ఆననట్టు పెట్టి నిలకడగా పోతుంటే, ఒక్క క్షణం గతుకుల మీద పోయినట్టు బండి వణుకుతుంది. రెండోది, పొద్దున్నే రివర్స్ వేస్తే గేరు పట్టుకోడానికి సెకనున్నర దాకా పడుతోంది.

వణుకు ఇంజనుదా, గేర్‌బాక్సుదా అన్నది ముందు తేలాలి. నాన్నని పక్కన కూర్చోబెట్టుకుని, రద్దీ లేని రోడ్డు చూసుకుని నలభై రెండులో నిలబెట్టాను. వణుకు మొదలవగానే ఎడమకాలితో బ్రేకు పెడల్‌ని, బ్రేకు పట్టకుండా లైటు మాత్రం వెలిగేంత తాకాను. టక్కున ఆగిపోయింది. అయిదుసార్లు చేస్తే అయిదుసార్లూ అంతే. ఇలా ఎందుకంటే, నిలకడగా పోయేటప్పుడు, ఇంజను బలాన్ని నూనె ద్వారా గేర్‌బాక్సుకి అందించే టార్క్ కన్వర్టర్ లోపల లాకప్ క్లచ్ ఒకటి ఇంజనునీ గేర్‌బాక్సునీ నేరుగా బిగించేస్తుంది. బ్రేకు స్విచ్ పడగానే కంప్యూటర్ దాన్ని వదిలేస్తుంది. దాంతోపాటు వణుకూ పోయిందంటే దోషం ఆ క్లచ్ పట్టులో ఉన్నట్టే. ఇంజనులో స్పార్క్ ప్లగ్గు మిస్సవుతుంటే బ్రేకు తాకినందుకు ఆగదు.

"క్లచ్ పెడల్ లేని బండికి క్లచ్ ఏందమ్మా?" అని నాన్న అడిగాడు. ఇంటికొచ్చి ఈ గేర్‌బాక్సు కోత బొమ్మ చూపించాను. చాలా ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో ప్లానెటరీ గేర్లు ఉంటాయి, మధ్యలో ఒకటి, చుట్టూ తిరిగేవి కొన్ని. హోండా వాళ్లు ఈ బండి రోజుల్లో ఆ దారిలో పోలేదు. మాన్యువల్ గేర్‌బాక్సులో లాగే పక్కపక్కన షాఫ్టులు, వాటి మీద ఎప్పుడూ పళ్లు కలిసే ఉండే గేర్లు, గేరుని షాఫ్టుకి కలిపే సింక్రోనైజర్లకి బదులు నూనె ఒత్తిడితో బిగిసే క్లచ్ ప్లేట్ల కట్టలు. నాన్న కళ్లజోడు పైకి తోసుకుని చాలాసేపు చూశాడు. "ఇది మన లేలాండ్ గేర్‌బాక్సు లాగే ఉందే. గేర్లు జరిపే ఫోర్కు చేసే పని నూనె చేస్తంది, అంతేగా?"

అంతే. అందుకే ఈ ఆయిల్ సంగతి ఇంత ముఖ్యం. మాన్యువల్లో గేర్ ఆయిల్ పని పళ్లు అరగకుండా చూడటం. ఇక్కడ అదే ఆయిల్ ఇంజను బలాన్ని టార్క్ కన్వర్టర్ దాటించాలి, వాల్వుల్లోంచి పరిగెత్తి క్లచ్చులు బిగించాలి, వేడి మోసుకుపోవాలి, బేరింగులు తడపాలి. క్లచ్ ప్లేట్లు ఎంత మెత్తగా పట్టుకోవాలో కూడా అందులో కలిపే ఫ్రిక్షన్ మాడిఫయర్లే తేలుస్తాయి. ముందుగా అరిగిపోయేవి అవే. అవి పోయాక ప్లేటు మెత్తగా అంటుకోక పట్టీ వదిలీ, పట్టీ వదిలీ చేస్తుంది. నా బండిలో వణుకు అదేనని నా అనుమానం.

మార్చి 5, మంగళవారం

మార్చాలా, వద్దా? ఈ ప్రశ్న మీద మూడు రాత్రులు పోయాయి. మా స్నేహితుల్లో సగం మంది మాట ఒకటే: "ఇన్నేళ్లు మార్చని బండికి ఇప్పుడు మారిస్తే గేర్‌బాక్సు పోతుంది, ముట్టుకోకు." ఈ భయం ఉత్తదని కొట్టిపారేయను. కానీ అది ఎక్కణ్నుంచి వచ్చిందో ఆలోచిస్తే నాకు ఇలా తోస్తోంది. ఎక్కువమంది గేర్లు జారడం మొదలయ్యాకే, అంటే ప్లేట్ల మీద పూత అయిపోయాకే ఆయిల్ గుర్తుచేసుకుంటారు. అప్పుడు కొత్త ఆయిల్ పోసినా అరిగిన ప్లేటు తిరిగి పెరగదు. నాలుగు రోజులకి బండి ఆగుతుంది, నింద ఆయిల్ మీద పడుతుంది.

కాబట్టి చూడాల్సింది నా బండిలో గేర్లు జారుతున్నాయా లేదా అని. ఒకటి నుంచి రెండుకి, రెండు నుంచి మూడుకి మారేటప్పుడు ఆర్‌పీఎం ముల్లు ఉత్తినే పైకి ఎగరడం లేదు. ఫ్రీవే ఎక్కే ర్యాంపు మీద గట్టిగా తొక్కినా బలం తగ్గలేదు. స్కానర్ పెట్టి చూస్తే గేర్‌బాక్సు లోపం చూపే కోడ్ ఒక్కటీ లేదు.

తర్వాత గేర్‌బాక్సు డిప్‌స్టిక్, ఆయిల్ మట్టం చూసే పుల్ల. పసుపు రింగు ఉన్నది. ఇంజనాయిల్‌లాగా ఎప్పుడంటే అప్పుడు చూసేది కాదు. చదునైన చోట బండి ఆపి, రేడియేటర్ ఫ్యాన్ తిరిగేదాకా ఇంజను వేడెక్కనిచ్చి, ఆపేసి, 60 సెకన్లు దాటాక, 90 సెకన్ల లోపు చూడాలి. ముందు చూస్తే ఒక లెక్క, ఆలస్యంగా చూస్తే ఇంకో లెక్క వస్తుంది. నాన్న ఫోనులో సెకన్లు చదివాడు, నేను లాగాను. మట్టం పై గీతకి కొంచెం కింద ఉంది. ఒక చుక్క తెల్ల కాగితం మీద వేశాం. ముదురు గోధుమ రంగు, మధ్యలో బాగా నలుపు, అంచుల్లో చింతపండు పులుసు రంగు. మాడు వాసన మాత్రం లేదు. పలుకులు లేవు. పాలలా విరగలేదు కూడా. కూలెంట్ కలిస్తే ఏటీఎఫ్ రోజ్‌మిల్క్ లాగా అవుతుంది, అది కనబడితే కథ వేరు.

నాన్న ఆ కాగితం మీద పెన్నుతో తేదీ, మైళ్లు వేసి ఫ్రిజ్ తలుపుకి అంటించాడు.

దగ్గర్లోని ఒక సర్వీసు షాపుకి ఫోన్ చేస్తే యంత్రంతో ఫ్లష్ చేస్తామన్నారు, అంటే ఒత్తిడితో పాత ఆయిల్ తోసేయడం, 220 డాలర్లు. ఏ ఆయిల్ పోస్తారని అడిగితే "అన్ని బళ్లకీ సరిపోయేది" అన్నారు. దండం పెట్టి ఫోన్ పెట్టేశాను. హోండా చెప్పే పద్ధతి డ్రెయిన్ చేసి, అంటే పాతది కిందకి వదిలేసి, కొత్తది నింపడమే. పైగా ఈ గేర్‌బాక్సులో ఫిల్టర్ లోపలెక్కడో ఉంటుంది, గేర్‌బాక్సు విప్పితే తప్ప చేతికి రాదు. ఏళ్ల తరబడి అడుగున పేరుకున్న మడ్డిని యంత్రం ఒత్తిడితో కదిలిస్తే అది పోయి ఎక్కడ చిక్కుకుంటుందో నేను చూసుకోలేను. అడుగునున్న డ్రెయిన్ ప్లగ్గు విప్పితే దానంతటది కిందకి కారి వచ్చేది వస్తుంది. నాకు ఆ నెమ్మదే కావాలి.

నెమ్మదికి ఒక ఖరీదు ఉంది. ఈ గేర్‌బాక్సులో మొత్తం దాదాపు 6 లీటర్లు ఉంటుంది. ప్లగ్గు విప్పితే దిగేది 2.4 లీటర్లే. మిగిలింది టార్క్ కన్వర్టర్లో, క్లచ్ డ్రమ్ముల్లో, వాల్వుల్లో, గొట్టాల్లో నిలబడిపోతుంది. ఒకసారి మారిస్తే కొత్తది 40 శాతం. మళ్లీ మారిస్తే 64. మూడోసారికి 78. నాలుగోసారికి 87. మూడు విడతలు చాలనుకున్నాను.

మార్చి 8, శుక్రవారం. మహాశివరాత్రి.

డీలర్ కౌంటర్లో హోండా డీడబ్ల్యూ-1 అనే ఏటీఎఫ్ ఎనిమిది క్వార్టులు కొన్నాను. క్వార్టంటే 946 మిల్లీలీటర్లు, మొత్తం ఏడున్నర లీటర్లు. ఈ బండికి ఫ్యాక్టరీలో పోసింది జెడ్1. దాని స్థానంలో తర్వాత హోండా తెచ్చిందే ఈ డీడబ్ల్యూ-1, పాత బండ్లలోనూ నేరుగా పోసుకోవచ్చు. డ్రెయిన్ ప్లగ్గు కింద వేసే 18 మిల్లీమీటర్ల వాషర్లు మూడు తీసుకున్నాను. ఆ వాషరు బిగించినప్పుడు నలిగి సీలు వేస్తుంది. ఒకసారి నలిగినదాన్ని మళ్లీ వాడితే చుక్క చుక్క కారడం ఖాయం.

సీసా మూత తీసి చూపిస్తే నాన్న వేలు ముంచాడు. "ఇదేందే, కొబ్బరినూనె కన్నా పల్చగా ఉంది! ఎర్రగా దానిమ్మ రసం లాగా." డిపోలో ఆయన చేతులకి అలవాటైంది 90 నంబరు గేర్ ఆయిల్, చలికాలం పొద్దున డబ్బా వంచితే తీగలాగా సాగేది, గంధకం వాసన కొట్టేది. అంత చిక్కటిది దీని వాల్వు రంధ్రాల్లో అసలు దూరదని చెప్పాను.

మార్చి 9, శనివారం. 1,38,340 మైళ్లు. మొదటి విడత.

ముందు ఫ్రిస్కోలో కార్యసిద్ధి హనుమాన్ గుడికి వెళ్లొచ్చాం. మనకి దర్శనం, గేర్‌బాక్సుకి వేడి. ఆయిల్ వేడిగా ఉంటే తేలిగ్గా, ఎక్కువగా దిగుతుంది. కానీ మరీ సెగ మీదుంటే చెయ్యి కాలుతుంది, కాబట్టి అరగంట ఆగాం.

వెనక చక్రాలకి చెక్క దిమ్మలు అడ్డం పెట్టాం. ముందు మధ్యలో జాకీ, రెండు పక్కలా స్టాండ్లు. స్టాండ్ల మీద దించాక నాన్న బండిని రెండు చేతులతో పట్టుకుని ఊపి చూశాడు, గట్టిగానే. "కింద పడుకునేది నువ్వు. పైనున్నప్పుడే ఊపి చూడాలి." ఊపాకే నన్ను కిందకి పోనిచ్చాడు. జాకీని కూడా తియ్యనివ్వలేదు, స్టాండ్లకి తోడుగా ఆనించి ఉంచాడు.

ఇక్కడ ఒక హెచ్చరిక, హోండా బండి ఉన్న ప్రతి ఒక్కరికీ. కింద రెండు డ్రెయిన్ ప్లగ్గులు కనబడతాయి. ఒకటి ఇంజనాయిల్‌ది, 17 నంబరు స్పానర్‌కి పట్టే మామూలు బోల్టు తల. రెండోది గేర్‌బాక్సుది, డ్రైవర్ వైపు ఉంటుంది, దాని మధ్యలో చదరపు గుంట. అంగుళంలో ఎనిమిదో వంతులు మూడు, అంటే మామూలు రాచెట్ ముక్కు నేరుగా అందులో కూర్చుంటుంది, సాకెట్ అక్కర్లేదు. ఇంజనాయిల్ మారుస్తున్నామనుకుని ఏటీఎఫ్ మొత్తం వంచేసి, ఇంజను నెత్తిన ఇంకో నాలుగు లీటర్లు పోసినవాళ్లు ఉన్నారు. గుంట చదరంగా ఉందా లేదా అని వేలితో తడిమి, టార్చి వేసి చూసి, అప్పుడు పట్టాను.

ప్లగ్గు కదల్లేదు. రాచెట్ పిడి చిన్నది, పడుకుని తోస్తే బలం చాలలేదు. రెండుసార్లు ముక్కు గుంటలోంచి కొంచెం పైకి లేచింది. అక్కడితో ఆగాను. ఆ గుంట అంచులు గుండ్రంగా అరిగిపోతే ఆ రోజుకి పని ఆగిపోయేది. నాన్న గుంటలో మట్టి పుల్లతో గీకి తీయమన్నాడు. నిజంగానే అడుగున గట్టిపడిన మట్టి ఉంది, ముక్కు పూర్తిగా దిగడం లేదు. శుభ్రం చేసి, పొడుగు బ్రేకర్ బార్ పెట్టి ఒక్కసారి లాగితే టక్కుమని వదిలింది.

దిగింది చూస్తే కాఫీ డికాషన్. పాన్‌లోకి ధార పడుతుంటే, దోశ పెనం వేడి చూడటానికి కొన్న ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ గురిపెట్టాను, 65 డిగ్రీలు. ఇరవై నిమిషాలు చుక్కలు ఆగేదాకా వదిలేశాం.

ప్లగ్గు కొనకి అయస్కాంతం ఉంటుంది. దాని మీద బూడిద రంగు ముద్ద, వెన్నంత మెత్తగా, చిటికెన గోరు మందాన. వేళ్ల మధ్య నలిపితే గరుకు తగల్లేదు. అంటే పొడే, పలుకు కాదు. లక్షన్నర మైళ్లకి దగ్గర పడ్డ గేర్‌బాక్సులో ఇది మామూలే. పన్ను ముక్కో, పొరలాంటి లోహపు రేకో కనబడితే గుండె జారేది. నాన్న తుడవడానికి కాటన్ వేస్టు అడిగాడు. డిపోలో అన్నింటికీ అదే. ఇక్కడ వద్దన్నాను. ఒక్క దారప్పోగు లోపలికి పోయి వాల్వులో ఇరుక్కుంటే చాలు, గేరు మారదు. నూగు రాని కాగితపు తువ్వాలు వాడాం.

కొత్త వాషర్, ప్లగ్గు, టార్క్ రెంచ్ 49 న్యూటన్ మీటర్ల దగ్గర, అంటే 36 ఫుట్ పౌండ్లు. గేర్‌బాక్సు ఒళ్లు అల్యూమినియం, బలం ఉంది కదా అని బిగిస్తే మరలు పోతాయి. "చేతికి తెలుస్తదిలే" అని నాన్న. ఆయన చేతికి తెలుస్తుంది, నా చేతికి తెలియదు. రెంచ్ టక్కుమనగానే ఆపాను.

ఇక కొలత. పాన్‌లో ఉన్నదంతా గీతలు ఉన్న జగ్గుతో కొలిచి ఖాళీ పాల గ్యాలన్ డబ్బాల్లో పోశాను: 2,400 మి.లీ. పుస్తకంలో ఉన్నదీ అదే. సంతోషంగా కొత్తది సరిగ్గా 2,400 పోశాను, డిప్‌స్టిక్ రంధ్రంలోంచే, సన్న గొట్టం ఉన్న గరాటుతో. చాలా సన్న రంధ్రం అది, పావుగంట పట్టింది. తొందరపడితే గరాటు పొంగుతుంది.

బండి దించి, గ్యారేజీ నేల చదునుగా ఉందో లేదో రసమట్టం పెట్టి చూసి, ఫ్యాన్ తిరిగేదాకా వేడెక్కించి, బ్రేకు మీద కాలుంచి పీ నుంచి ఒక్కొక్క గేరులో మూడేసి సెకన్లు పెట్టి తెచ్చి, ఆపి, 70వ సెకనులో డిప్‌స్టిక్ లాగాను. మట్టం పై గీత దాటి పోయింది. కొంచెమే, కానీ దాటింది.

ఎంత దిగిందో అంతే పోశాను. కారిందేమీ లేదు. మరి ఎక్కువ ఎట్లా అయింది?

జవాబు నాన్న దగ్గర ఉంది. "నువ్వు వేడి మీద కొలిచావు. పోసింది చల్లటిది." డిపోకి డీజిల్ ట్యాంకర్ వస్తే అన్‌లోడు చేసే ముందు హైడ్రోమీటరు ముంచి డెన్సిటీ చూసేవాళ్లట, ఉష్ణోగ్రత చూసేవాళ్లట, రెండింటినీ చార్టులో 15 డిగ్రీల లెక్కకి మార్చి అప్పుడే సంతకం పెట్టేవాళ్లట. ఎండలో వచ్చిన ట్యాంకరులో నూనె ఉబ్బి ఉంటుంది, రాత్రికి భూమిలో ట్యాంకులో దిగిపోతుంది. "ఇది కూడా నూనేగా. చల్లారనియ్యి, పొద్దున కొలుద్దాం."

పై గీత దాటిన మట్టంతో బండి నడపలేదు. ఎక్కువైతే తిరిగే గేర్లు ఆయిల్‌ని చిలుకుతాయి, నురగ వస్తుంది, నురగలో గాలి ఉంటుంది కాబట్టి ఒత్తిడి నిలవదు. 60 మి.లీ. సిరంజికి సన్న గొట్టం తొడిగి డిప్‌స్టిక్ రంధ్రంలోంచి ఒకటిన్నర సిరంజిలు లాగేశాను. మళ్లీ వేడెక్కించి చూస్తే పై గీతకి కొంచెం కింద, మొదట ఉన్నచోటే.

మార్చి 10, ఆదివారం

గడియారాలు ఒక గంట ముందుకి జరిగిన రోజు. పొద్దున గ్యారేజీలో 16 డిగ్రీలు. నిన్నటి పాత ఆయిల్‌ని మళ్లీ జగ్గులో పోసి కొలిచాం: 2,310 మి.లీ. నిన్న 2,400. మధ్యలో పోయిన 90 మి.లీ. ఎక్కడికీ పోలేదు, చల్లారి ముడుచుకుంది. ఇలాంటి నూనెలు ఒక్కో డిగ్రీకి పదివేలలో ఏడెనిమిది వంతులు ఉబ్బుతాయి. 65 నుంచి 16 అంటే 49 డిగ్రీలు. కాగితం మీద వేస్తే 2,400కి దాదాపు 90 తేడా వస్తుంది. నేను సిరంజితో లాగింది కూడా 90.

ఇంత చక్కగా లెక్క కలిసినందుకు నాకు పిచ్చి సంతోషం వేసింది. నాన్న మాత్రం టీ తాగుతూ "కలవక ఎక్కడికి పోతది" అన్నాడు.

నాకు అర్థమైంది రాసుకుంటున్నాను. దిగినంతే పొయ్యాలన్న మాట సరైనదే, కానీ దిగినదీ పోసేదీ ఒకే వేడి మీద ఉండాలి. అందుకని వచ్చే విడతల్లో డ్రెయిన్ సాయంత్రం, కొలత, నింపడం మర్నాడు పొద్దున. ప్లగ్గు బిగించి, తాళం చెవి నాన్న జేబులో పెట్టాలి. స్టీరింగు మీద "ఆయిల్ లేదు, స్టార్ట్ చేయొద్దు" అని చీటీ అంటించాలి. చీటీ నాన్న ఆలోచనే, డిపోలో రేకు బోర్డు తగిలించేవాళ్లట.

మార్చి 15, శుక్రవారం. 1,38,471 మైళ్లు.

వారం నడిపాను. వణుకు ఉంది, తగ్గింది. ఆఫీసుకి వెళ్లే దారిలో ఇదివరకు నాలుగైదుసార్లు వచ్చేది ఒకటి రెండుసార్లు వస్తోంది. రివర్స్ ఆలస్యంలో ఏ మార్పూ లేదు. రెండో చుక్క కాగితం మీద: ఇంకా గోధుమ రంగే, కానీ వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే ఎర్ర జీర ఉంది.

మార్చి 16, 17. రెండో విడత.

చెప్పుకోవాల్సింది పెద్దగా లేదు. ప్లగ్గు సులువుగా వచ్చింది, ముద్ద ఈసారి మొదటిదాంట్లో నాలుగో వంతు. రాత్రంతా చల్లారాక 2,310 మి.లీ., పోసింది 2,310. వేడి మట్టం సరిగ్గా పై గీతకి కొంచెం కింద. సిరంజి అవసరం రాలేదు.

మధ్యాహ్నం ఆయిల్ బాగా కలవాలని యూఎస్ 75 మీద మెకిన్నీ దాకా వెళ్లొచ్చాం. ఫ్రీవే ఒక్కటే చాలదు, అక్కడ బండి అయిదో గేరులోనే ఉంటుంది. ఊళ్లో సిగ్నళ్ల మధ్య అన్ని గేర్లూ మారేట్టు కొంతసేపు తిప్పాను, ఒక ఖాళీ పార్కింగులో నాలుగైదుసార్లు రివర్స్ కూడా. ఏ క్లచ్ డ్రమ్ములో నిలిచిన పాత ఆయిల్ ఆ క్లచ్ పనిచేస్తేనే బయటకి వస్తుంది.

తిరిగి వచ్చేటప్పుడు నలభై రెండులో నిలబెట్టి కావాలని వెతికాను. వణుకు దొరకలేదు. నాన్న కూడా తన సీటులోంచి నేల మీద పాదం ఆనించి చూశాడు, ఆయన అలవాటు అది, బస్సులో ఏ చప్పుడైనా అరికాలితోనే పట్టేవాడు. "లేదు" అన్నాడు.

మార్చి 23

పాత ఆయిల్ అంతా మూతలు బిగించి ఆటోజోన్ అనే కారు సామాన్ల షాపుకి తీసుకెళ్లాం. వాడిన ఇంజనాయిల్, ఏటీఎఫ్ ఊరికే తీసుకుంటారు. వెనక ట్యాంకులో మనమే పోయాలి. బ్రేకు ఫ్లూయిడ్, కూలెంటు అందులో కలపకూడదు. దీన్ని చెత్తలోనో, కాలవలోనో పోసేవాళ్లంటే నాకు ఒళ్లు మండుతుంది. వానొస్తే ఇక్కడి రోడ్డు పక్క డ్రెయిన్లన్నీ నేరుగా వాగుల్లోకే పోతాయి.

ఏప్రిల్ 6, 7. 1,38,902 మైళ్లు. మూడో విడత.

మధ్యలో రెండు వారాలు ఆఫీసు పనితో కుదరలేదు. ఈసారి నాన్న బండి కింద పడుకుంటానన్నాడు. మోకాళ్ల నొప్పులని నేను వద్దన్నాను. "పడుకోడానికి మోకాళ్లెందుకు?" అని దూరిపోయాడు. నేను స్టాండ్లు ఊపి చూశాను.

చల్లారాక 2,290 మి.లీ. పోసింది అంతే. అయస్కాంతం మీద ఈసారి మసి లాంటి పొర మాత్రమే ఉంది, వేలితో తుడిస్తే పోయింది. వేడి మట్టం సరిపోయింది. మూడో వాషరు కూడా అయిపోయింది. నాన్న టార్క్ రెంచ్ వాడకుండా చేత్తో బిగించి, తర్వాత రెంచ్ పెట్టి చూడమన్నాడు. 49 దగ్గర పెట్టి లాగితే ప్లగ్గు వెంట్రుకవాసి కూడా తిరక్కుండా టక్కుమంది. ఆయన ఏమీ అనలేదు, చేతులు తుడుచుకుంటూ లోపలికి వెళ్లాడు.

8న సోమవారం సంపూర్ణ సూర్యగ్రహణం మా ఊరి మీదుగానే పోయింది. డ్రైవ్‌వేలో అందరం నల్ల కళ్లద్దాలు పెట్టుకుని నిలబడ్డాం. మధ్యాహ్నం ఒంటిగంటా నలభై దాటాక నిజంగా చీకటి పడింది, వీధి దీపాలు వెలిగాయి. గ్రహణం విడిచాక నాన్న తలస్నానం చేసి, ఉగాదికి మామిడాకులు తెద్దామని బయల్దేరదీశాడు. సివిక్‌లోనే పోయాం, పటేల్ బ్రదర్స్ ఇండియన్ కిరాణా షాపు దగ్గర పార్కింగు దొరకడానికి అరగంట. ఆ అరగంటలో డీ, ఆర్, డీ, ఆర్ అని ఎన్నిసార్లు మార్చానో లెక్కలేదు, ఎక్కడా తడబడలేదు.

ఏప్రిల్ 13, శనివారం. 1,39,010 మైళ్లు.

వణుకు పోయింది. ఈ వారంలో ఒక్కసారి కూడా రాలేదు. రెండు నుంచి మూడు మారడం ఇదివరకటి కన్నా మెత్తగా ఉంది, అయితే దీన్ని కొలిచే సాధనం నా దగ్గర లేదు, నా ఒంటికి తెలిసినంతే.

రివర్స్ ఆలస్యం పూర్తిగా పోలేదు. పొద్దున మొదటిసారి ఫోనులో వీడియో తీసి లెక్కపెడితే సెకను. ముందు సెకనున్నర. వేడెక్కాక వెంటనే పడుతోంది. రాత్రంతా నిలబడితే ఆ క్లచ్చుకి ఆయిల్ వెళ్లే దారి ఖాళీ అవుతోందేమో, లోపల ఒక సీలు గట్టిపడిందేమో. ఆయిల్ దాన్ని మెత్తబరచదు. అందాకా పొద్దున రివర్స్ వేశాక గేరు పట్టి బండి కొద్దిగా వంగేదాకా బ్రేకు మీదే కాలుంచి, అప్పుడే యాక్సిలరేటర్ ముట్టుకుంటున్నాను. పట్టకముందే తొక్కితే క్లచ్ ఒక్కసారిగా కొట్టుకుంటుంది, ఆ దెబ్బ ప్లేట్లకి మంచిది కాదు.

ఫ్రిజ్ మీద కాగితంలో నాలుగో చుక్క వేశాం. పూర్తి దానిమ్మ రంగు కాదు, కొంచెం ముదిరిన ఎరుపు. 78 శాతం అంటే ఎలా ఉండాలో అలా ఉంది. నాలుగో విడత చేస్తే 87కి వెళ్తుంది. దానికి బదులు ఇక నుంచి రెండేళ్లకి ఒకసారి, లేదా 25,000 మైళ్లకి, ఏది ముందైతే అది, ఒక్క డ్రెయిన్ చేసి నింపుతాను.

ఖర్చు: ఆయిల్ క్వార్టు 9 డాలర్ల చొప్పున 72, వాషర్లు 6. బ్రేకర్ బార్ ఇంట్లో ఉన్నదే. మిగిలిన ఆయిల్ 550 మి.లీ., సీసా మూత బిగించి తేదీ రాసి అలమరలో పెట్టాను. నాన్న ప్రయాణం 20న. జాబ్ కార్డు కింద సంతకం కావాలన్నాను. "వర్క్ చేసింది నువ్వు, నువ్వు పెట్టు. నేను చెక్ చేసినట్టు పెడతా" అని పక్కన తన పొట్టి సంతకం గీశాడు.